నలభై దినాల మజ్జిగ

తిరుపతమ్మకు మొదట నాలుక చెడింది. ఎర్రగా, పచ్చిపుండు మాదిరి నున్నగా తయారై, మిరపకాయ సంగతి అటుంచి గోరువెచ్చని గంజి తగిలినా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ తర్వాత కడుపు. తెల్లవారకముందే చెంబు తీసుకొని కంపచెట్ల దిక్కు పోయేది. పొద్దెక్కేలోగా మళ్ళీ రెండుసార్లు, మూడుసార్లు పోవాల్సి వచ్చేది. తిన్నది ఒంటికి పట్టకుండా తెల్లగా, నురగగా పోయేది. ఆరు నెలలు మొగునికి ఆ సంగతి చెప్పలేదు. ఆడమనిషి నోరు తెరిచి చెప్పుకునే సంగతి కాదది. రవిక వదులై భుజం మీద నిలవకుండా జారిపోతాంటే అప్పుడు చూశాడు రంగన్న.

రంగన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. వీధిబడిలో ఐదో తరగతి దాకా చదివాడు. లెక్కలు బాగా వచ్చేవి. లెక్క తప్పినవాణ్ణి మన్నించడం మాత్రం రాలేదు. కరువు సంవత్సరం ఊరంతా గంజికేంద్రం ముందు ముంతలు పట్టుకొని నిలబడితే అతను నిలబడలేదు, పెళ్ళాన్ని నిలబడనీయలేదు. చింతపిక్కల పిండి, బలుసాకు తిని ఇద్దరూ ఆ ఏడు దాటారు. దాటామని అతను రెండేళ్ళుగా గర్వంగా చెప్పుకుంటున్నాడు.

తిరుపతమ్మ అతని అక్క కూతురే. పదిహేడేళ్ళ కాపురం. పుట్టిన ఇద్దరు బిడ్డలూ ఏడాది నిండకుండానే పోయారు. ఆ బండల మిద్దెలో మిగిలింది వాళ్ళిద్దరే.

మొదట నందికొట్కూరు దారిలో ఉన్న మిషనోళ్ళ దవాఖానాకు బండి కట్టాడు. ఎనిమిది మైళ్ళు. అక్కడ దావీదురాజు అనే కంపౌండరు ఉండేవాడు. సన్నగా, నవ్వని మొహంతో ఉండే మనిషి. తిరుపతమ్మ నాలుక చూశాడు, కంటిరెప్ప కిందికి లాగి చూశాడు, కడుపు నొక్కి చూశాడు.

"ఇది చిన్నపేగు జబ్బు రంగన్నా. తిన్నదాంట్లో సారమంతా పీల్చేది ఆ పేగే. దాని లోపల మెత్తగా నూగు మాదిరి ఉంటాది. అది అరిగిపోయినాది. ఇప్పుడు ఎంత తిన్నా బండ మీద వాన పడినట్టే. నీళ్ళు పోతాయి, తడి ఉండదు."

"మందు లేదా?"

"ఉండాది. ఈ పసుప్పచ్చ మాత్రలు దినానికొగటి. వారానికి రెండు సూదులు. కార్జం సారం అది. ఇంటికాడ మేక కార్జం ఉడకబెట్టి పెట్టు. మునగాకు పెట్టు, గుడ్డు పెట్టు, మజ్జిగ తాపు. కారం వద్దు. కడుపు మాత్రం మాడ్చొద్దు."

"ఎన్ని దినాలకు బాగైతాది?"

"చెప్పలేను. మూడు నెలలు పట్టొచ్చు, ఆరు నెలలు పట్టొచ్చు. కొందరికి తగ్గి మళ్ళా వస్తాది."

ఆ జవాబు రంగన్నకు నచ్చలేదు. పని ఎత్తుకున్నవాడు ఎన్నాళ్ళకు అవుతుందో చెప్పలేనంటే అతని లెక్కలో వాడు పనివాడు కాడు. అయినా రెండు సూదులు వేయించాడు. రెండోది వేసినచోట తుంటి గడ్డకట్టి, తిరుపతమ్మ నాలుగు దినాలు ఒత్తిగిలి పడుకుంది. మూడో సూదికి బండి కట్టలేదు.

కాలువ అవతలి ఊళ్ళో నరసింహాచారి అనే ముసలి వైద్యుడు ఉన్నాడు. చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు ఆయన చేతికి నాడి అందించినవాళ్ళే. ఆయన తిరుపతమ్మ మణికట్టు పట్టుకొని కళ్ళు మూసుకొని చాలాసేపు కూర్చున్నాడు.

"గ్రహణి" అన్నాడు. "కడుపులో పొయ్యి ఆరిపోయింది రంగా. ఆరిన పొయ్యి మీద ఎసరు పెడితే అన్నమవుతుందా?"

"కాదు సామీ."

"పొయ్యి రాజేయాల. నల్లటి పొడి మందు ఇస్తాను. పొద్దున ఒక పొట్లం, సాయంత్రం ఒక పొట్లం. ఆవు మజ్జిగ తప్ప నోట్లోకి ఏదీ పోకూడదు. దాహమైనా మజ్జిగే. నీళ్ళు లేవు, ఉప్పు లేదు, గింజ లేదు. నలభై దినాలు. నలభై ఒకటోనాడు ఆమే లేచి నీకు సంగటి గెలుకుతుంది."

"నడుమ పథ్యం తప్పితే?"

"మందు విషమవుతుంది. తప్పనీయవద్దు."

రంగన్నకు ప్రాణం లేచి వచ్చింది. నలభై. చేత్తో పట్టుకునే మాట అది.

ఊళ్ళో పాలిచ్చే ఆవు లేదు. కరువులో పోయినవి పోగా మిగిలినవి ఎండు డొక్కలు. రంగన్న తన ఎద్దుల జతలో ఒకదాన్ని ఇచ్చేసి, కాలువ గట్టు ఊరి నుంచి దూడతో సహా ఒక నల్లావును తోలుకొచ్చాడు. సేద్యగాడు జత విడగొట్టుకోవడమంటే ఊరంతా నోరు తెరిచి చూసింది.

"ఏమప్పా రంగన్నా, ఒంటెద్దుతో మడక ఎట్ల దున్నుతావు?" అన్నారు.

"ఇంకో పక్క నేను కట్టుకుంటా" అన్నాడు రంగన్న.

నవ్వారు గానీ అతను నవ్వడానికి అనలేదు. పెళ్ళాం మీద అతనికున్న ప్రేమ అంతే, అట్లాగే ఉండేది. నోటితో చెప్పడం రాదు. ఎద్దును ఇవ్వడం వచ్చు.

మొదటి దినం పొద్దున గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాడు. జొన్నల గాదెకు తాళం వేశాడు. ఉప్పు కుండ ఎత్తి అటక మీద పెట్టాడు. నీళ్ళ కడవలు తీసుకుపోయి పక్కింట్లో పెట్టించాడు. తన అన్నం కూడా పక్కింట్లోనే తిన్నాడు, వాసన ఆమెకు తగలకూడదని. మజ్జిగ తనే చిలికాడు. ఆ ఊళ్ళో కవ్వం పట్టిన మగవాణ్ణి ఎవరూ చూసి ఉండరు.

మొదటి వారం తిరుపతమ్మ ఎగతాళి చేసేది.

"మామా, ఆవు పేరు నాకు పెట్టి నా పేరు ఆవుకు పెట్టు. పచ్చిగడ్డన్నా దొరుకుతాది."

"గమ్మునుండు. ఏడే గీతలైనాయి."

"నువ్వు గీసిన గీతలు చూస్తాంటే ఆకలైతాది. జొన్నకంకుల మాదిరి ఉండాయి."

పదో గీత దాటాక ఎగతాళి తగ్గింది. పన్నెండోనాడు చెంబు ఎత్తబోతే చేతిలోంచి జారింది. పదమూడోనాడు కంపచెట్ల దాకా పోలేక దొడ్లోనే కూర్చుంది. మొదటి దినాల్లో మందు అట్లాగే లాగుతుందని చారి చెప్పి ఉండటంతో రంగన్న భయపడలేదు. పద్నాలుగో గీత గీశాడు.

పద్దెనిమిదోనాడు ఆమె నాలుక చూపించింది. ఎరుపు తగ్గింది. అంచుల్లో మామూలు రంగు తిరిగింది. ఇరవయ్యోనాడు ఒక్కసారే బయలుకు పోయి వచ్చింది. వచ్చి గడప మీద కూర్చొని, జుట్టు విప్పి చిక్కు తీసుకుంది. ఎన్ని నెలలైందో ఆమె దువ్వెన ముట్టి. రంగన్న ఆ దినం చేనికి పోలేదు. నరసింహాచారిని పక్కింటి బండిలో తీసుకొచ్చాడు. ఆయన నాడి చూసి తల ఊపాడు.

"నేను చెప్పలేదా?" అన్నాడు.

ఊరు వచ్చి చూసిపోయింది. మందు గొప్పతనం సగమైతే రంగన్న పట్టు సగమన్నారు. వేరేవాడైతే జాలిపడి రెండోనాడే గంజి పోసి ఉండేవాడన్నారు. రంగన్న ఆ సాయంత్రం గీతలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఇరవై ఆరోనాడు అడిగి తెచ్చుకున్న ఎద్దును తన ఎద్దు పక్కన కట్టి దున్నుతుంటే మడక కర్రు విరిగింది. ఇంకో కర్రు కోసం మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. ఇంట్లో తిరుపతమ్మ లేదు. పశువుల కొట్టంలో మాటలు వినబడ్డాయి.

ఆవు పక్కన మేత గాడికి ఆనుకొని తిరుపతమ్మ కూర్చొని ఉంది. ఎదురుగా జీవమ్మ. జీవమ్మ దినమూ వచ్చి పేడ ఎత్తి కసువు ఊడ్చిపోయే మనిషి, చర్చి వీధిలో ఉంటుంది. పేడగంప బోర్లించి ఉంది. దాని పక్కన సత్తుగిన్నె. గిన్నెలోంచి పసుపు వేసి ఉడికించిన మాంసం వాసన వస్తోంది.

"ఏమిది?" అన్నాడు రంగన్న.

తిరుపతమ్మ నోట్లో ఉన్నది నమిలి మింగింది. దాచే పని పెట్టుకోలేదు.

"కార్జం మామా."

"ఎన్ని దినాల నుంచి?"

"పద్నాలుగో గీత కాడ్నించి. దినం మార్చి దినం. నడుమ దినాల్లో మునగాకు పప్పు."

జీవమ్మ లేచి నిలబడింది. "కంపౌండరయ్యను నేనే అడిగినా అయ్యా. ఆదివారం చర్చికి వచ్చింటే అడిగినా. తినకుంటే పోతాదన్నాడు. మా ఆయన సుందరం మేకలు కోస్తాడు గదా, కోసినందుకు కార్జం ఇస్తారు. నా బిడ్డలకు పెట్టకుండా తెచ్చినా."

"నిన్ను వైద్యం చేయమని ఎవురన్నారు?"

"ఎవురనాల అయ్యా? మనిషి సచ్చిపోతాంటే చూసుకుంటా కసువు ఊడ్చమంటావా?"

రంగన్నకు లెక్కలు వచ్చు. పద్నాలుగో గీత. పద్దెనిమిదో గీతకు నాలుక తిరగడం. ఇరవయ్యో గీతకు దువ్వెన. రెండు లెక్కలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, చంటిబిడ్డ కూడా కలపగలిగేంత దగ్గరగా. అతను కలపలేదు. అతనికి కనిపించింది ఒక్కటే. పన్నెండు దినాలు తన ఇంట్లో, తన గోడ మీద గీతలు అబద్ధం చెప్పాయి.

సత్తుగిన్నె ఎత్తి వాకిట్లో కుక్క ముందు కుమ్మరించాడు. కుక్క అంతా నాకేసింది.

"దున్నే పనుండాది కాబట్టి కొట్టకుండా ఇడుస్తాండా" అన్నాడు జీవమ్మతో. "మళ్ళా ఈ వాకిట్లో కాలు పెట్టొద్దు."

ఆమె గంప ఎత్తుకుంది. పోతూ తిరుపతమ్మ దిక్కు చూసింది గాని రంగన్న దిక్కు చూడలేదు.

రంగన్న లోపలికి పోయి గుడ్డ తడిపి గోడ తుడిచాడు. ఇరవై ఆరు గీతలు నల్లగా కలిసిపోయి గోడంతా మసి అయింది. తడి ఆరాక ఆ మసి మీదే మొదటి గీత మళ్ళీ గీశాడు.

"మామా," అంది తిరుపతమ్మ గుమ్మంలో నిలబడి, "నాకు ఆకలైతాండాది. ఇన్ని నెలలుగా ఆకలే లేదు, ఇప్పుడైతాండాది. అది మంచిదే గదా?"

"అది ఆకలి గాదు. నోటికి అలవాటైన రుచి."

సాయంత్రం కొత్త పొట్లాలకు కాలువ దాటి పోయాడు. జరిగింది చెప్పాడు. నరసింహాచారి విని గడ్డం గోక్కున్నాడు.

"మళ్ళీ మొదలుపెట్టవద్దులే రంగా. ఒళ్ళు శానా తగ్గి ఉంది. కొన్నాళ్ళు మెత్తటి అన్నం పెట్టు. తర్వాత చూద్దాం."

"మీరు నలభై అన్నారు."

"అన్నాను."

"తప్పితే విషమన్నారు. తప్పింది. విషాన్ని లోపల ఉంచి అన్నం పెట్టమంటారా సామీ?"

చారికి డెబ్బై ఏళ్ళు. తన మాటను తనే కొట్టేయడం ఆ వయసులో ఎవరికీ ఇష్టముండదు. లోపలికి పోయి నలభై దినాలకు సరిపోయే పొట్లాలు కట్టి తెచ్చి రంగన్న చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు అతని మొహం చూడలేదు.

మరుసటి పొద్దున ఊరి రచ్చ దగ్గర నలుగురూ కూర్చున్నచోట రంగన్న చెప్పాడు. జీవమ్మను ఎవరు పనికి పిలిచినా వాళ్ళ వాకిట్లో తను నీళ్ళు ముట్టనన్నాడు. రంగన్న మాటంటే ఊళ్ళో గురి. పైగా, చర్చి వీధి మనిషి వండింది పథ్యంలో ఉన్న ఆడదానికి పెట్టిందంటే అది కొందరికి మందు తప్పడం కన్నా పెద్ద నేరమనిపించింది. చెనక్కాయల కోతకు ఆ ఏడు జీవమ్మను గాని, సుందరాన్ని గాని ఎవరూ పిలవలేదు.

రంగన్న ఇంక చేనికి పోలేదు. వాకిట్లో మంచం వేసుకొని కాపలా కూర్చున్నాడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు కొత్తగా రాజధాని అయిన కర్నూలులో సర్కారుకు గుడారాలు, కొట్టాలు కట్టే పనికి పోయి ఉన్నారు. వీధిలో అలికిడే లేదు. అతను మజ్జిగ చిలకడం, గీత గీయడం, కూర్చోవడం. తిరుపతమ్మ ఎదురు చెప్పలేదు. అదే అతనికి కొత్తగా ఉండింది. ఆమె తాగమన్నప్పుడు తాగింది. ఆరో గీతకు నాలుక మళ్ళీ ఎర్రబడింది. తొమ్మిదో గీతకు కాళ్ళు వాచాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది.

పదిహేనో గీత గీస్తుంటే పడక మీద నుంచి ఆమె అంది:

"ముందటి లెక్కలో ఈ దినానికి నలభై అయినాయి మామా."

"ఆ లెక్క చెడిపోయింది."

"మజ్జిగ అయితే నలభై దినాలూ తాగినా గదా. నడుమ కార్జం తిన్నా, అంతే. తాగింది తాగలేదంటావా?"

జవాబు దొరకనప్పుడు ఊరుకోవడం రంగన్నకు చేతకాదు. "నీ నోరు గట్టిగా ఉండింటే ఈపాటికి లేచి తిరుగుతాంటివి" అన్నాడు. ఆమె గోడ దిక్కు ఒత్తిగిలింది.

పద్దెనిమిదోనాడు పొద్దున మజ్జిగ లోటా నోటికి అందిస్తే మూతి తిప్పుకుంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"మామా, ఉప్పు గల్లు ఒగటి ఇయ్యి. మింగను. నాలుక మీద పెట్టుకొని ఉమ్మేస్తా."

అటక మీద ఉప్పు కుండ ఉంది. నిలబడి చెయ్యి చాపితే అందుతుంది. రంగన్న లేచాడు కూడా. లేచి గోడ దిక్కు చూశాడు. ఇంకా ఇరవై రెండు.

"ఇంత దూరం వచ్చి ఇప్పుడు చెడగొట్టుకుంటావా?" అన్నాడు. మెత్తగానే అన్నాడు. అంత మెత్తగా అతను ఆమెతో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. "ఇంకా ఇరవై రెండే గదా పాపా."

తిరుపతమ్మ మళ్ళీ అడగలేదు. పంతొమ్మిదో గీత గీసి వెనక్కి తిరిగేసరికి ఆమె చూపు నిలిచిపోయి ఉంది.

కర్మ దినాలకు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. నోరు కట్టుకోలేక పోయిందన్నారు. ఇరవై దినాలకే కోలుకొని జుట్టు దువ్వుకున్న మనిషి, కార్జానికి ఆశపడి ప్రాణం పోగొట్టుకుందన్నారు. రంగన్న చేయాల్సిందంతా చేశాడన్నారు. ఎద్దును ఇచ్చాడు, మగవాడై ఉండి కవ్వం పట్టాడు. ఇంకే మొగుడు చేస్తాడు? అందరూ అతన్ని ఓదార్చారు. అతను కూర్చొని ఆ ఓదార్పు అంతా విన్నాడు. మొదటి మూడు దినాలు అది అతనికి అన్నం మాదిరి పని చేసింది కూడా.

పెద్ద దినం అయిపోయాక ఒకనాడు ఎవరూ చెప్పకుండానే మిషనోళ్ళ దవాఖానాకు నడిచిపోయాడు. ఎందుకు పోయాడో అతనికే తెలియదు. దావీదురాజు గాజుసీసాలు తుడుస్తున్నాడు. రంగన్న నిలబడి అంతా చెప్పాడు. ఏ గీతకు ఏమైందో ఒక్కటి వదలకుండా చెప్పాడు. లెక్కలు వచ్చినవాడు గదా.

కంపౌండరు సీసా కింద పెట్టాడు.

"పద్దెనిమిదికి నాలుక తిరిగిందా?"

"తిరిగింది."

"ఆకలైతాండాదని ఆమే చెప్పిందా?"

"చెప్పింది."

"పేగు మళ్ళా మొలుస్తాంటే ఆకలైతాది రంగన్నా. జీవమ్మ పెట్టిన ఆ పన్నెండు దినాలే ఆమెకు వైద్యం. మజ్జిగ మంచిదే, కాదనను. ఒట్టి మజ్జిగతో ఆ ఒళ్ళు నిలబడదు."

"ఆపకుండా ఉండింటే?"

దావీదురాజు అతన్ని చూశాడు. "తెలిసే అడుగుతాండావు. నేను చెప్పాల్సిన పని లేదు."

"చెప్పు."

"బతికేదేమో. అప్పుడు ఎన్ని దినాలో చెప్పలేనంటి, ఇప్పుడూ ఖాయంగా చెప్పలేను. కానీ దారిలో పడింది."

రంగన్న వెనక్కి నడిచాడు. ఎనిమిది మైళ్ళూ ఎండలో నడిచాడు. దావీదురాజు మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. నిలవలేదు. చారి మీద తెచ్చుకున్నాడు. అది కొంత దూరం నిలిచింది. ఆ ముసలాయన వద్దని చెప్పిన మాట గుర్తొచ్చి అది కూడా పోయింది. ఊరు కనబడేసరికి మిగిలింది తనొక్కడే. తనను మన్నించే అలవాటు కూడా అతనికి లేదు.

మూడు నెలల తర్వాత, ఎండలు ముదిరినప్పుడు, పక్క ఊరి నుంచి సుబ్బయ్య అనే పెద్దమనిషి వచ్చాడు. కోడలికి నాలుక ఎర్రబడి, కడుపు పోతోందన్నాడు. నరసింహాచారి నలభై దినాలు చెప్పాడన్నాడు.

"నీ నల్లావు ఇంకా పాలిస్తాండాదంట గదా. నలభై దినాలు ఇయ్యప్పా. నీ పేరు చెప్పుకుంటాం."

"చారి దగ్గరికి పోవద్దు" అన్నాడు రంగన్న. "నందికొట్కూరు దారిలో కంపౌండరు ఉండాడు. ఆ పిల్లను ఆడికి తీసుకపో. సూదులేపియ్యి. కార్జం పెట్టు, ఆకుకూర పెట్టు. ఉప్పు పెట్టు."

సుబ్బయ్య అతని మొహంలోకి జాలిగా చూశాడు.

"కార్జం తినే గదప్పా నీ పెండ్లాం పోయింది?"

"కార్జం తినే బతుకుతాండె. నేను ఆపినా. ఆపితే పోయింది."

"దుఃఖంలో మనిషి అట్లనే అనుకుంటాడు లేప్పా" అన్నాడు సుబ్బయ్య. "నువ్వు ఎంత గట్టిగా పథ్యం చేయించినావో మా ఊళ్ళో గూడా చెప్పుకుంటాండారు. నిన్ను చూసే నాకు ధైర్యమొచ్చింది. మా ఇంట్లో ఆడోళ్ళను నమ్మలేక నేనే తాళం వేసి కూర్చుందామనుకుంటాండా, నీ మాదిరి."

రంగన్న నోరు తెరిచాడు. మళ్ళీ చెప్పాడు. పద్నాలుగో గీత, పద్దెనిమిదో గీత, ఇరవయ్యో గీత, అన్నీ చెప్పాడు. ఉప్పు గల్లు సంగతి కూడా చెప్పాడు, అది ఎవరికీ చెప్పనిది. సుబ్బయ్య ఓపిగ్గా విన్నాడు, పిచ్చిపట్టినవాడి మాట విన్నట్టు.

"సరేప్పా. ఆవు సంగతి చెప్పు."

"ఇయ్యను."

"ఏమప్పా, ప్రాణం మీదికొచ్చిన మనిషికి మజ్జిగ గూడా ఇయ్యవా?"

"ఇయ్యను."

సుబ్బయ్య లేచి భుజం మీద టువాల దులుపుకున్నాడు. "పెండ్లాం పోయినాక మనిషి ఇట్లయినాడా" అని తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు. "కాలువ గట్టున ఇంకో ఆవు ఉండాదంట. అది తోలుకపోతాలే."

అతను వీధి మలుపు తిరిగేదాకా రంగన్న చూశాడు. మొగోళ్ళకు చెప్పి లాభం లేదు. ఇంక ఒకటే దారి కనిపించింది. సుబ్బయ్య ఊరికీ చర్చి వీధికీ చుట్టరికాలు ఉన్నాయి. జీవమ్మ తలచుకుంటే ఆ ఇంట్లో పేడ ఎత్తే పనికి కుదురుకుంటుంది. గంప కింద గిన్నె పెట్టుకొని పోగలుగుతుంది. ఆమెను అడగాలి. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకోవాలి.

పుట్టి బుద్ధి తెలిసినాక రంగన్న చర్చి వీధిలోకి పోవడం అదే మొదలు. పిల్లలు ఆటలు ఆపి చూశారు. జీవమ్మ ఇల్లేదని అడిగితే వీధి చివరికి చెయ్యి చూపారు. ఆ ఇంటి ఎదురుగా నీడలో దాసన్న అనే ముసలాయన కూర్చొని తాడు పేనుతున్నాడు. రంగన్నను చూసి లేవబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు.

"జీవమ్మ యాడుంది?"

"పాయిరి గదప్పా. కోతల పని ఎవురూ ఇయ్యకపోతిరి. పులివెందల దిక్కు రాతినార గనుల్లో కూలి ఉండాదంటే ముసలీ ముతకా, పిల్లలూ అందరూ పాయిరి."

"ఎప్పుడు?"

"రెండు నెలలాయె."

"మళ్ళా ఎప్పుడొస్తారు?"

దాసన్న పేనుతున్న తాడు మోకాలి మీద పెట్టి, ఎదురుగా ఉన్న ఇంటి దిక్కు గడ్డంతో చూపించాడు. మట్టిగోడల నడుమ గుమ్మం ఖాళీగా ఉంది. తలుపు లేదు. లోపల పొయ్యిరాళ్ళ మీద ఎండ పడుతోంది.

"తలుపు గూడా ఊడబెరుక్కొని బండిలో ఏసుకపాయిరి" అన్నాడు. "వచ్చేటోళ్ళు తలుపు పెరుకుతారా అప్పా?"